దత్తతకు హోమ్ స్టడీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

దత్తత గురించి రాయమని అడిగితే వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చోట ఆగాయి. ‘మా ఇంటికి వచ్చి ఏం చూస్తారు, ఏం అడుగుతారు, ఎందుకు కాదంటారు?’ బిడ్డను పెంచుకోవాలనుకునే కుటుంబాన్ని పరిశీలించి, అర్హత తేల్చి రాసే నివేదికను హోమ్ స్టడీ రిపోర్టు అంటారు. 2022 సెప్టెంబరు 23 నుంచి అమల్లో ఉన్న దత్తత నిబంధనలను బట్టి ఈ జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం, పేర్లు వేయలేదు.

మాది అద్దె ఇల్లు, రెండు గదులు. మా ఆయన జీతం 28 వేలు, నేను ఇంట్లోనే ఉంటాను. సొంత ఇల్లు లేకపోతే బిడ్డను ఇవ్వరని, కనీసం మంచి సోఫా అయినా కొనమని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా?
— పాఠకురాలు, తాడేపల్లిగూడెం

సోఫా అక్కర్లేదమ్మా. సొంత ఇల్లు ఉండాలని గానీ, నెలకు ఇంత సంపాదించాలని గానీ నిబంధనల్లో లేదు. బిడ్డను పోషించగల ఆర్థిక స్తోమత ఉండాలని మాత్రమే ఉంది. ఇంటికి వచ్చి నివేదిక రాసే సోషల్ వర్కర్ ఆ స్తోమతను జీతం అంకెతో కొలవరు. జీతంలోంచి కట్టాల్సినవన్నీ కట్టాక ఎంత మిగులుతోందో చూస్తారు.

ఒక కాగితం మీద నెల లెక్క రాసుకోండి. 28,000 రాబడిలో అద్దె 6,500, చీటీ 5,000, బంగారం మీద తెచ్చిన అప్పుకు వడ్డీ 1,800, కిరాణా, పాలు, కరెంటు అన్నీ కలిపి 9,000 అనుకుందాం. ఇంకా 5,700 చేతిలో ఉంటుంది. పాలడబ్బాలు, టీకాలు, డాక్టరు ఖర్చు అందులో సర్దుకోగలరా? చీటీ ఎప్పటికి అయిపోతుంది? ఉద్యోగం పోతే మూడు నెలలు ఎలా గడుస్తుంది? ఇలాంటివి అడుగుతారు. చాలామంది చీటీనీ చేబదుళ్లనూ చెప్పరు. కానీ ప్రతి నెలా ఒకే తేదీన ఒకే మొత్తం ఖాతాలోంచి పోతుంటే బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపిస్తూనే ఉంటుంది. అప్పు ఉండటం తప్పు కాదు. అప్పు ఎంతని అడిగితే భార్య ఒక అంకె, భర్త ఇంకో అంకె చెబితే మాత్రం అది నివేదికలోకి ఎక్కుతుంది.

ఇల్లు చూసేటప్పుడు వాళ్ల కళ్లు నేలకు రెండడుగుల ఎత్తులో తిరుగుతాయి. పాకే బిడ్డ చెయ్యి అందేది అక్కడే. వాకిట్లో సంపు ఉంటే దాని మూత చిన్న చేతులు లాగితే వచ్చేస్తుందా? మేడ మెట్లకు రెయిలింగు ఉందా? ఉంటే ఊచల మధ్య బిడ్డ తల దూరేంత సందుందా? సింకు కింద ఫినాయిలు, యాసిడ్ సీసాలు ఎక్కడ పెట్టారు? పెద్దవాళ్ల బీపీ మాత్రలు మంచం పక్కన స్టూలు మీదే ఉంటున్నాయా? బిడ్డ ఎక్కడ పడుకుంటుంది? వేరే గది లేకపోయినా ఏమీ కాదు, ఫలానా చోట అని మీరు చూపించగలిగితే చాలు. ఆ సోఫా డబ్బులో వెయ్యో రెండు వేలో పెట్టి సంపు మూతకు గడియ వేయించండి.

నాకు 41, మా వారికి 46. ఏడాది లోపు బిడ్డ కావాలి. దరఖాస్తు చేసుకోవచ్చా?
— పాఠకురాలు, సిద్దిపేట

దంపతులకు ఇద్దరి వయసూ కలిపి లెక్కిస్తారు. రెండేళ్ల లోపు బిడ్డకు ఆ మొత్తం 85 దాటకూడదు. మీది 87 కాబట్టి ఏడాది బిడ్డకు వీలుపడదు. రెండు దాటి నాలుగేళ్ల లోపు బిడ్డకు 90 దాకా, నాలుగు దాటి ఎనిమిదేళ్ల లోపు బిడ్డకు 100 దాకా, ఎనిమిది పైబడిన పిల్లలకు 110 దాకా అనుమతిస్తారు. ఒంటరి వ్యక్తికి ఈ హద్దులు వరుసగా 40, 45, 50, 55. బిడ్డకూ తల్లిదండ్రులకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా కూడా ఉండాలి. బంధువుల బిడ్డనో, జీవిత భాగస్వామికి ముందు పెళ్లి వల్ల కలిగిన బిడ్డనో దత్తత తీసుకునేవారికి ఈ వయసు హద్దులు వర్తించవు.

వయసును నమోదు చేసుకున్న తేదీకి లెక్కిస్తారు. అందుకే మీలాంటి వాళ్లకు ఆలస్యం చేటు. రెండు నుంచి నాలుగేళ్ల వర్గంలో మీకు ఇంకా మూడే అంకెల వెసులుబాటు ఉంది. ఇద్దరి వయసూ పెరుగుతుంది కాబట్టి అది ఏడాదికి రెండంకెల చొప్పున తరిగిపోతుంది.

నమోదుకు ముందు పదో తరగతి మెమో, ఆధార్, పాన్ మూడూ పక్కపక్కన పెట్టి పుట్టిన తేదీ సరిచూసుకోండి. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ ఒకటి, అసలు తేదీ ఇంకొకటి ఉన్నవాళ్లు మనలో తక్కువేం కాదు. మూడింట్లో తేడా ఉంటే ముందు దిద్దించుకోండి. దరఖాస్తు మధ్యలో దిద్దించబోతే నెలలు పడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత ఖర్చవుతుంది? ఎవరికి కట్టాలి?
— పాఠకుడు, ఒంగోలు

దేశం మొత్తానికీ దారి ఒకటే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ అడాప్షన్ రిసోర్స్ అథారిటీ, అందరూ కారా అనేది దీన్నే, కేరింగ్స్ అనే పోర్టల్ నడుపుతుంది. పాన్ కార్డు దగ్గర పెట్టుకుని అక్కడ మీరే నమోదు చేసుకోవచ్చు. చేతకాకపోతే జిల్లా బాలల సంరక్షణ విభాగం సాయం చేస్తుంది. మతంతో పని లేదు.

నమోదైన 30 రోజుల్లో పత్రాలు ఎక్కించాలి. కుటుంబం ఫోటో, పుట్టిన తేదీ ఆధారం, చిరునామా ఆధారం, కిందటి ఏడాది ఆదాయం ఆధారం, పెళ్లి ధ్రువపత్రం, దీర్ఘకాలిక, అంటు, ప్రాణాంతక వ్యాధులు లేవని డాక్టరిచ్చే ధ్రువపత్రం ఇందులో ముఖ్యమైనవి. విడాకులైతే డిక్రీ, జీవిత భాగస్వామి చనిపోతే మరణ ధ్రువపత్రం పెట్టాలి. జీతం చీటీ లేని రైతులు, చిరు వ్యాపారులు తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం పెట్టవచ్చు. ఎక్కువమంది ఇరుక్కునేది పెళ్లి ధ్రువపత్రం దగ్గర. గుడిలో పెళ్లయింది, శుభలేఖ ఉంది, ఆల్బం ఉంది, రిజిస్ట్రేషన్ మాత్రం లేదు. పదిహేనేళ్ల కిందటి పెళ్లయినా సరే, ముందు రిజిస్టరు చేయించుకోండి. పెళ్లయి కనీసం రెండేళ్లు సజావుగా కాపురం చేసి ఉండాలన్నది నిబంధన. దానికి మొదటి ఆధారం ఆ కాగితమే.

పత్రాలు పూర్తిగా ఎక్కించాకే వరుసలో మీ స్థానం ఖాయమవుతుంది. ఒక్క కాగితం కోసం ఆగితే మీ వెనక వచ్చినవాళ్లు ముందుకు పోతారు.

తర్వాత మీరు ఉంటున్న చోటికి దగ్గర్లోని గుర్తింపు పొందిన దత్తత సంస్థ సోషల్ వర్కర్ గానీ, జిల్లా విభాగం తరఫున నియమితులైనవారు గానీ హోమ్ స్టడీ చేస్తారు. మన దగ్గర చాలా జిల్లాల్లో ఆ సంస్థ శిశుగృహ. పత్రాలు అందిన 60 రోజుల్లో నివేదిక పూర్తి చేయాలి. ఆ నివేదిక మూడేళ్లు చెల్లుతుంది, దేశంలో ఎక్కడి బిడ్డ కోసమైనా అదే సరిపోతుంది. ఉద్యోగం బెంగళూరులో, ఆధార్ చిరునామా ఒంగోలులో ఉన్నవాళ్లు బిడ్డ పెరగబోయే ఇంటినే చూపించాలి. అమ్మానాన్నల పెద్ద ఇంటిని చూపిస్తే సరిపోదు.

హోమ్ స్టడీకి 6,000 రూపాయలు. బిడ్డ ఖరారయ్యాక సంస్థకు శిశు సంరక్షణ నిధి కింద 50,000. బిడ్డ ఇంటికి వచ్చాక ఆరు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు చూడటానికి వస్తారు, ఒక్కో సందర్శనకు 2,000. ప్రతి పైసాకూ రసీదు ఉండాలి. రసీదు లేని ‘ఖర్చులు’ ఎవరడిగినా ఇవ్వకండి.

మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫోటో, బిడ్డ గురించిన నివేదిక, వైద్య నివేదిక పోర్టల్లో కనిపిస్తాయి. ఆ బిడ్డ కావాలని చెప్పడానికి 48 గంటలే గడువు. వైద్య నివేదికను మీకు తెలిసిన పిల్లల డాక్టరుకు చూపించుకోవచ్చు. ఆ డాక్టరు ఎవరన్నది ముందే అనుకుని పెట్టుకోండి. నమోదు చేసిన ఫోను నంబరు, ఈమెయిలు మార్చకండి. ఏళ్ల తరబడి ఎదురుచూసి, పాత సిమ్ కార్డుకు వచ్చిన సందేశం చూసుకోక వంతు పోగొట్టుకుంటే ఆ బాధ తీరేది కాదు.

బిడ్డను చూసి అంగీకరించాక దత్తతకు ముందు సంరక్షణ కింద ఇంటికి పంపుతారు. దత్తత ఉత్తర్వు ఇప్పుడు కోర్టు ఇవ్వదు. 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారం జిల్లా కలెక్టరుది. దరఖాస్తు అందిన రెండు నెలల్లో తేల్చాలి.

మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారట. ఏం అడుగుతారో చెబితే ఇద్దరం ఒకే మాట మీద ఉంటాం.
— పాఠకుడు, కరీంనగర్

ఒకే మాట మీద ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ ఇద్దరూ ఒకే జవాబు బట్టీపట్టి చెబితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి ఇళ్లకు వెళ్లే సోషల్ వర్కర్లకు ‘మా ఇంట్లో గొడవలే రావండి’ అన్న మాట వినడం కొత్త కాదు.

నివేదికలో మొదటి భాగం మీరే నింపాలి. ఎందుకు దత్తత, మీ బాల్యం, చదువు, ఉద్యోగం, ఆస్తిపాస్తులు, అప్పులు, బిడ్డను చూసుకునే ఏర్పాటు, మీ ఇద్దరికీ ఏదైనా అయితే ఎవరు చూస్తారు, ఇవన్నీ అందులో ఉంటాయి. రెండో భాగం సోషల్ వర్కర్ రాస్తారు. మీరు రాసినదానికీ, తాము చూసినదానికీ పొంతన ఉందా లేదా అన్నదే అందులో ప్రధానం. తొందరగా అయిపోవాలని మొదటి భాగాన్ని నెట్ సెంటర్ కుర్రాడి చేత నింపించేవాళ్లున్నారు. తర్వాత సోషల్ వర్కర్ ‘మీ నాన్నగారితో మీ సంబంధం గురించి ఇలా రాశారు కదా’ అంటే తెల్లమొహం వేస్తారు. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని, చేత్తో రాసుకుని, తర్వాత ఎక్కించండి.

విడిగా అడిగేవి సాధారణంగా ఇలా ఉంటాయి. దత్తత మాట ముందు ఎవరు ఎత్తారు? రెండోవాళ్లు ఎన్నాళ్లకు ఒప్పుకున్నారు? పిల్లల కోసం చికిత్స ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు? చికిత్స ఇంకా నడుస్తోందా? కోపం వస్తే ఏం చేస్తారు, ఎవరు ముందు మాట్లాడతారు? చిన్నప్పుడు మిమ్మల్ని ఎలా దండించేవారు, బిడ్డను ఎలా దారిలో పెడతారు? మందు అలవాటుందా?

చికిత్స సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఐవీఎఫ్ చేయించుకుంటూ దత్తతకు నమోదు చేసుకోకూడదన్న నియమం లేదు. అయితే భర్త ‘అయిపోయిందండీ, ఇక వద్దనుకున్నాం’ అని, పక్క గదిలో భార్య ‘వచ్చే నెల ఇంకోసారి చూద్దామంటున్నారు’ అంటే, ఈ ఇంట్లో నిర్ణయం ఇంకా జరగలేదని అర్థం. అలాంటప్పుడు మరికొన్ని సార్లు కౌన్సెలింగ్‌కు రమ్మంటారు. దాన్ని తిరస్కరణ అనుకోకండి. కడుపు పండలేదన్న దుఃఖం తీరకుండా బిడ్డను ఒళ్లో పెడితే, ఆ బిడ్డ నవ్వినా ఏడ్చినా పుట్టని బిడ్డతో పోలిక వస్తూనే ఉంటుంది.

ఇంకొకటి తప్పకుండా అడుగుతారు. ‘నువ్వు మా కడుపున పుట్టలేదు అని బిడ్డకు ఎప్పుడు చెబుతారు?’ చాలామంది ‘పెద్దయ్యాక, అర్థం చేసుకునే వయసులో’ అంటారు. ఈ జవాబు మాకు ఎప్పుడూ భయమే. పద్నాలుగేళ్లప్పుడు ఏ పెళ్లిలోనో ఒక పెద్దావిడ ‘నిన్ను ఎక్కడినుంచి తెచ్చారో తెలుసా?’ అంటుంది. బిడ్డకు ఆ నిజం కంటే అమ్మానాన్న ఇన్నేళ్లు దాచారన్నది ఎక్కువ గుచ్చుకుంటుంది. మాటలు రాకముందే మొదలుపెట్టండి. శిశుగృహ నుంచి ఇంటికి వచ్చిన రోజు ఫోటోలు ఆల్బంలో పెట్టి, ‘ఆ రోజు మేమిద్దరం నీకోసం ఎలా వచ్చామంటే’ అని నిద్రపుచ్చేటప్పుడు కథగా చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలను వెతుక్కోవడానికి సంస్థ సాయం కోరే వీలు కూడా నిబంధనలు బిడ్డకు ఇచ్చాయి. అప్పటిదాకా దాచడం కుదిరే పని కాదు.

మా అత్తగారు మాతోనే ఉంటారు. ‘ఏ కులమో ఏమో, ఎవరి రక్తమో’ అని గొణుగుతున్నారు. సోషల్ వర్కర్ వచ్చే రోజు ఆవిడను మరిదిగారింటికి పంపిద్దామనుకుంటున్నాం.
— పాఠకురాలు, నంద్యాల

పంపకండి. ఇంట్లో ఎవరెవరు ఉంటారో ఫారంలో మీరే రాస్తారు. ఆవిడ మంచం, మందుల డబ్బా, పూజ గది కనిపిస్తాయి. మనిషి మాత్రం ఉండరు. అప్పుడు వాళ్లు మళ్లీ వస్తారు, ఈసారి అనుమానంతో వస్తారు. పైగా మీరిద్దరూ ఉద్యోగాలకు వెళితే మధ్యాహ్నం బిడ్డతో ఉండేది ఆవిడే. ఆవిడ మనసులో ఏముందో తెలియకుండా బిడ్డను ఆ ఇంటికి ఎలా పంపుతారు?

పెద్దావిడ ‘నాకిష్టం లేదు’ అన్నంత మాత్రాన దరఖాస్తు ఆగిపోదు. ఆవిడ ఆ మాట అన్నప్పుడు మీ ఆయన ఏమంటారన్నది చూస్తారు. ‘అమ్మా, ఇది మేమిద్దరం తీసుకున్న నిర్ణయం, నువ్వు బిడ్డ ముందు ఆ మాట అనకూడదు’ అని కొడుకు నెమ్మదిగానైనా చెప్పగలిగితే అది మంచి గుర్తు. తల దించుకుని ఫోను చూసుకుంటూ కూర్చుంటే ఆ బిడ్డ తరఫున రేపు ఎవరు మాట్లాడతారన్న ప్రశ్న నివేదికలో మిగిలిపోతుంది.

ఆవిడతో ముందే కూర్చోండి. గొణుగుడు వెనక భయాలు సాధారణంగా మూడు ఉంటాయి. ఒకటి కులం. దిక్కులేకుండా దొరికిన బిడ్డల కులం ఎవరికీ తెలియదు. రేపు పెళ్లి సంబంధాలప్పుడు, నోములూ వ్రతాలప్పుడు బంధువులు ఏమంటారోనన్నదే ఆవిడ బెంగ. ‘ఎవరైనా అడిగితే మా మనవరాలు అని చెప్పు, అంతే’ అని ఆవిడకు ఒక జవాబు ఇవ్వండి. పెద్దవాళ్లకు చాలాసార్లు కావలసింది నలుగురిలో చెప్పుకోవడానికి ఒక మాట. రెండోది ఆస్తి. ఇక్కడ నచ్చజెప్పడానికి ఏమీ లేదు, చట్టం సూటిగా ఉంది. దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ మీకు పుట్టిన బిడ్డతో సమానం, వారసత్వంతో సహా. ఇది ఆవిడకూ మరిదిగారికీ ముందే తెలియడం మంచిది. మూడోది పైకి అనరు. ‘ఈ బిడ్డ నన్ను నానమ్మా అంటుందా?’ ఆ భయాన్ని మాటలతో తీర్చలేం. దత్తత తీసుకున్న వేరే కుటుంబాన్ని కలిపించమని సంస్థను అడగండి. అక్కడ ఒక నానమ్మ ఒళ్లో పిల్లను ఒకసారి చూస్తే ఆవిడ మనసు మెత్తబడవచ్చు.

కిందటి ఏడాది మా ఆరేళ్ల పాప డెంగీతో పోయింది. అదే వయసు పాపను తెచ్చుకుంటే మా ఆవిడ మళ్లీ మనిషవుతుందని ఆశ. ఈ సంగతి హోమ్ స్టడీలో చెప్పాలా?
— పాఠకుడు, ఖమ్మం

చెప్పాలి బాబూ. మొదటే చెప్పాలి. గోడ మీది ఫోటో చెప్పకముందే మీ నోటి నుంచి రావాలి.

బిడ్డ పోయాక ఇన్నాళ్లు ఆగాలన్న లెక్క నిబంధనల్లో లేదు. ఏడాదికే సిద్ధపడేవాళ్లు ఉంటారు, నాలుగేళ్లయినా కానివాళ్లు ఉంటారు. వచ్చే బిడ్డకు ఈ ఇంట్లో తనకంటూ చోటు ఉందా, పోయిన బిడ్డ చోటులోకి వస్తోందా అన్నది సోషల్ వర్కర్ తెలుసుకోవాలి. ‘పాప బట్టలు ఏం చేశారు?’ అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు ఏడుపు వస్తే రానివ్వండి, దానికి ఎవరూ తప్పు పట్టరు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ‘వచ్చే పాపకు సరిపోతాయి’ అని సిద్ధంగా ఉంచితే మాత్రం ఇంకా సమయం కావాలని రాస్తారు. అదే పేరు పెట్టాలనుకోవడం, అదే బడిలో అదే తరగతిలో చేర్చాలనుకోవడం కూడా అలాంటివే.

ఆరేళ్ల పాపకు తన పేరు, తన అలవాట్లు, తన జ్ఞాపకాలు ఉంటాయి. శిశుగృహలో తనతో పడుకున్న పిల్లల కోసం రాత్రి ఏడుస్తుంది. అన్నం దిండు కింద దాచుకోవచ్చు. మీ పాప ఎగిరి గంతేసిన పాయసాన్ని ఈ పాప తోసెయ్యవచ్చు. ఆ రోజు మీ ఆవిడ ముఖంలో నిరాశ కనబడితే, అది ఎందుకో తెలియకపోయినా పిల్ల పట్టేస్తుంది.

పసిబిడ్డల కోసం ఎదురుచూసే వరుస చాలా పొడవు, పెద్ద పిల్లలది అంత కాదు. అంటే మీకు పిలుపు మీరు అనుకున్నదాని కంటే ముందే రావచ్చు. అందుకని నమోదుకు ముందే మీరిద్దరూ కొన్ని నెలలు కౌన్సెలింగ్‌కు వెళ్లండి. ఒక్క మీ ఆవిడే కాదు, మీరు కూడా. ఆవిడను మళ్లీ మనిషిని చేసే పని ఆరేళ్ల పిల్లకు అప్పగించకూడదు.

నాకు షుగరు, మా ఆవిడకు థైరాయిడ్. రెండేళ్ల కిందట ఆవిడ డిప్రెషన్‌కు మందులు వాడింది. ఆ చీటీలు తీసేద్దామా?
— పాఠకుడు, అనకాపల్లి

తీసెయ్యకండి. నిబంధన అడిగేది శారీరకంగా, మానసికంగా, భావోద్వేగపరంగా స్థిరంగా ఉండటం, ప్రాణం మీదికి తెచ్చే జబ్బు లేకపోవడం. అదుపులో ఉన్న షుగరు, మాత్రతో నడిచే థైరాయిడ్ వాటంతటవే అనర్హత కావు. ధ్రువపత్రం రాసే డాక్టరు చేత ‘ఫలానా జబ్బు, ఎన్నేళ్లుగా, ఏ మందు, ఇప్పుడు అదుపులో ఉంది, బిడ్డను పెంచడానికి ఆటంకం లేదు’ అని వివరంగా రాయించుకోండి. ‘ఫిట్’ అని ఒక్క ముక్క రాసిన చీటీ మీద మళ్లీ ప్రశ్నలొస్తాయి. డిప్రెషన్‌కు చూసిన డాక్టరు చేత కూడా అలాగే రాయించండి. చికిత్స చేయించుకుని కోలుకున్న మనిషి, సాయం ఎప్పుడు అడగాలో తెలిసిన మనిషి. దాచిన సంగతి ఆ తర్వాత ఏ బంధువు నోటనో బయటపడితే మీరు చెప్పిన మిగతావన్నీ కూడా అనుమానంలో పడతాయి.

పెళ్లి చేసుకోలేదు. వయసు 38, టీచర్ని. ఒంటరిగా ఇస్తారా?
— పాఠకురాలు, మహబూబ్‌నగర్

ఇస్తారు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే మీకు 40 నిండేలోపు నమోదు పూర్తి కావాలి.

మీ విషయంలో ఎక్కువగా చూసేది మీ వెనక ఎవరున్నారన్నది. మీకేదైనా అయితే బిడ్డను చూసుకుంటానని దగ్గరి బంధువు ఒకరు రాసివ్వాల్సి ఉంటుంది. అలా రాసిచ్చేవాళ్లతో సోషల్ వర్కర్ మాట్లాడినప్పుడు ‘అక్క అడిగితే సంతకం పెట్టాను’ అంటే లాభం లేదు. 70 ఏళ్ల తల్లి పేరు కంటే 35 ఏళ్ల తమ్ముడూ మరదలూ మేలు, ఆ మరదలు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే. బిడ్డకు జ్వరం వచ్చిన రోజు, మీకు పరీక్షల డ్యూటీ పడిన రోజు ఎవరుంటారో పేర్లతో చెప్పగలిగేలా ఉండండి. సెలవు నిబంధనలు మీ ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి.

మాకు తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. పాపను దత్తత తీసుకోవచ్చా?
— పాఠకురాలు, కాకినాడ

తీసుకోవచ్చు. ఐదేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా పత్రాల్లో ఉండాలి. సోషల్ వర్కర్ బాబుతో మాట్లాడతారు. ‘చెల్లి వస్తే నా సైకిల్ ఇవ్వను’ అన్నాడని కంగారు పడకండి, వాడికి ఆ సంగతి తెలుసని అర్థం. ఆ రోజే మొదటిసారి విన్నట్టు మీ ముఖం చూస్తే అప్పుడు కంగారు పడాలి. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ పిల్లలున్నవారికి మాత్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, త్వరగా కుటుంబం దొరకని పిల్లలు వీళ్లనే ఇస్తారు.

ఒక ఆసుపత్రిలో పుట్టిన పాప ఉందట. మూడు లక్షలు ఇస్తే పుట్టిన సర్టిఫికెట్టు మా పేరు మీదే చేయిస్తామంటున్నారు. హోమ్ స్టడీ, వరుస ఏవీ ఉండవట.
— ఊరు వేయవద్దన్న పాఠకుడు

వద్దు. అది బిడ్డను కొనడం. బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష జరిమానా. ఆసుపత్రి సిబ్బంది అయితే మూడు నుంచి ఏడేళ్లు. పద్ధతి తప్పించి దత్తత తీసుకోవడం 80వ సెక్షన్ కింద వేరే నేరం. ఏ రోజు బయటపడ్డా బిడ్డను తీసుకెళ్లిపోతారు, అప్పటికి ఆ పిల్లకు మీరే అమ్మానాన్నలు. అసలు తల్లిని ఒప్పించారో, బెదిరించారో, బిడ్డ చనిపోయిందని చెప్పారో మీకు తెలిసే దారి లేదు. చట్టప్రకారం బిడ్డను అప్పగించే తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంది. ఆ తర్వాతే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తుంది. ఈ బేరంలో ఆ తల్లికి ఆ గడువు లేదు. వెంటనే 1098కి ఫోను చేసి చెప్పండి.

మా హోమ్ స్టడీలో ‘ప్రస్తుతానికి సిఫారసు చేయడం లేదు’ అన్నారు. ఇక అంతేనా?
— పాఠకురాలు, విజయనగరం

కాదు. అర్హులు కారని తేల్చితే కారణాలు నమోదు చేయాలి. అవి ఏమిటో అడిగి తెలుసుకోండి. దానిపై అప్పీలు చేసుకునే వీలుంది. కానీ అప్పీలుకు ముందు ఆ కారణం ఎలాంటిదో చూడండి. కాగితం తప్పు, ఆదాయం ఆధారం సరిపోలేదు, డాక్టరు చీటీ అస్పష్టం, ఇలాంటివైతే కాగితాలతోనే సరిదిద్దుకోవచ్చు. భార్యాభర్తల్లో ఒకరికి ఇష్టం లేదని రాస్తే అప్పీలు గెలిచి ఏం లాభం? వృద్ధాప్యంలో చూస్తారని, ఇంటి పనికి ఆసరా అవుతారని, కొడుకు లేడన్న మాట పడకూడదని దత్తత కోరుకున్నట్టు రాస్తే, ఆ మాట మీరు ఎక్కడ, ఎలా అన్నారో గుర్తు తెచ్చుకోండి. మాట దొర్లిందా, మనసులో ఉన్నదేనా అన్నది మీకే తెలుస్తుంది. అబద్ధపు పత్రం పెట్టారని రాస్తే మాత్రం వకీలును కలవండి.

సిఫారసు వచ్చినవాళ్లకు కూడా ఒక మాట. నివేదిక గడువు మూడేళ్లే, నిరీక్షణ అంతకు మించవచ్చు. గడువుకు మూడు నెలల ముందే సంస్థకు ఫోను చేసి మళ్లీ తాజా చేయించుకోండి. ఈలోగా ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, గర్భం వచ్చినా, ఇంట్లో ఎవరైనా చనిపోయినా, పెద్ద జబ్బు చేసినా అప్పటికప్పుడే చెప్పండి. పిలుపు వచ్చిన రోజు సంస్థలో మీ అర్హత చూసే దత్తత కమిటీ ముందున్న నివేదికలో పాత ఇల్లు, పాత జీతం ఉంటే, బిడ్డ పక్క గదిలో ఉండగానే మీ కాగితాలు వెనక్కి వస్తాయి.